పిలిచింది నిన్ను కాదు

"నేను పరవను వదినా. ఇంకెవరినైనా చూసుకో."

లువా ఆ మాట అనేసరికి హాయ్ చేతిలోని తాంబూలం పళ్ళెం ఇంకా కిందకి దిగనే లేదు. ఆకులూ పోకచెక్కలూ పేర్చి, పైన ఎర్రగుడ్డ కప్పి, కాలవ అవతలి ఒడ్డు నుంచి పడవ వేసుకుని వచ్చింది పాపం, తమ్ముడి భార్యని పద్ధతిగా పిలవాలని.

"పరవనంటే ఏంటే?"

"చాపలు పరవనని. ఆదివారం నీ కోడలు కొత్త మంచం ఎక్కుతుంది. ఆ పిల్ల చల్లగా బతకాలి. నా చెయ్యి వద్దు."

వెనక మగ్గం పాకలో ఖాంగ్ చేతిలో జనపతాడు అలాగే నిలిచిపోయింది. పాకకీ వసారాకీ మధ్య ఉన్నది ఒట్టి ఆకుల తడిక. గోడలకి చెవులుంటాయంటారు, తడికలకి కళ్ళు కూడా ఉంటాయి. అందులోంచి అతనికి అక్క వీపూ, భార్య మొహంలో సగమూ కనిపిస్తున్నాయి. ఆ సగం మొహంలో కోపం ఉంటే బాగుండేది. లేదు.

మా ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా, కొత్తజంట మంచం మీద జోడుచాపలు పరిచే చెయ్యి లువాదే. మొగుడూ పెళ్ళాం ఒద్దికగా బతికే ఇంటి ఇల్లాలే పరవాలి వాటిని. మొగుడు పోయినవాళ్ళు పనికిరారు, విడిపోయినవాళ్ళు పనికిరారు, ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు అసలే పనికిరారు. అలాంటి లువా, ఖాంగ్ సొంత మేనల్లుడి పెళ్ళికి పరవనంటోందంటే ఊళ్ళో దండోరా వేయించినట్టే.

"ఊళ్ళోవాళ్ళు అడిగితే నన్నేం చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు. తాం గారికీ నాకూ పొసగడం లేదని చెప్పు."

"తాం గారా?" హాయ్ పళ్ళెం ఠక్కున బల్ల మీద పెట్టేసింది. "ఎవరే ఆ తాం గారు? పన్ను వసూలుకొచ్చిన ఆఫీసరా?"

లువా ఆ పళ్ళాన్ని మళ్ళీ ఆవిడ వైపే జరిపింది.

ఏ ఊళ్ళోనైనా 'గారు' అంటే గౌరవమే. ఈ ఇంట్లో మాత్రం అది తలుపుకి వేసిన గడియ. తాం అన్నది ఖాంగ్‌కి ఇంట్లో ఎన్నో బిడ్డో ఆ లెక్కన వచ్చిన పేరు, ఊరంతా పిలిచేదే. కానీ లువా నోట పాతికేళ్ళుగా అతను 'మిన్'. "మిన్, కాఫీ చల్లారిపోతోంది." "మిన్, వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు." కన్నతల్లి కూడా అంత మెత్తగా పిలవలేదు అతన్ని. పోయిన వారం నుంచి ఆ పిలుపు ఆగిపోయింది. "తాం గారూ, అన్నం వడ్డించాను." "తాం గారూ, మీ చొక్కా ఆరింది." ఆ 'మీరు' విన్నప్పుడల్లా ఖాంగ్‌కి అద్దెకి దిగిన మనిషి ఎవరో తన పక్కన నించున్నట్టు అనిపిస్తోంది. ఆ మనిషి తనే.

"చూడు లువా," హాయ్ గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే కాలవ మొదటి మలుపు దాకానే వినిపిస్తుంది. "తండ్రన్నాక కొడుకుని ఓ మాట అంటాడు. మా నాన్న వీణ్ణి అనలేదా? మగ్గం కర్ర తీసి వీపు మీద వేసేవాడు. వీడేమైనా చచ్చాడా?"

"చచ్చాడో బతికాడో నాకు తెలీదు వదినా. బతికున్న మనిషైతే ఒక్కసారన్నా ఏడవాలి కదా. అత్తగారు పోయిన రోజున కూడా శవపేటిక మేకులు సరిగ్గా దిగాయో లేదో చూసుకుంటూ తిరిగారు."

"మగాళ్ళంతే."

"సోన్ అలా కాదు. ఏడవడానికి వాడు ఇంటికే వచ్చాడు. కన్ తో పట్నంలో, పని చేసే పడవ ఇంజన్ల షాపులో వాడికేం చోటు లేకనా? ప్రేమించిన పిల్ల వద్దని చెప్పేసిందని వాడక్కడే మందు కొట్టి పడుకోవచ్చు. బస్సెక్కి, పంటు దాటి, ఇంటికొచ్చి, ఆ మగ్గం మీద తల పెట్టి ఏడ్చాడు. అప్పుడు ఈయన వాడితో ఏమన్నారో తెలుసా? 'ఏడ్చే మగాణ్ణి తావ్ కనలేదు, లేచి పో' అన్నారు. కన్నకొడుకుతో 'తావ్' అన్నారు వదినా."

హాయ్ పళ్ళెం మీది ఎర్రగుడ్డ సర్దింది.

మా వాళ్ళలో 'నేను' అన్న మాట ఒంటరిగా పుట్టదు. ఎదుటి మనిషికి మనం ఏమవుతామో అదే మన 'నేను'. కొడుకు దగ్గర 'నాన్న' అనుకోవాలి, అక్క దగ్గర 'తమ్ముడు' అనుకోవాలి. ఎవరికీ ఏమీ కానప్పుడు, సంతలో ఎవడో చొక్కా పట్టుకున్నప్పుడు మాత్రం నోట 'తావ్' అన్న మాట వస్తుంది. ఆ మాటతో ఖాంగ్ కొడుక్కి ఏమీ కాకుండా పోయాడు. ఆ రోజు అక్కడే ఉన్నది తుంగకి రంగులద్దే ఆడవాళ్ళు, చెవులారా విన్నాక వాళ్ళు ఊరుకుంటారా?

"మధ్యాహ్నం పంటుకి వాడి దగ్గరికి వెళ్తున్నాను," అంది లువా.

"ఎన్నాళ్ళుంటావు?"

తడిక ఇవతల ఖాంగ్ చెవి ఆనించాడు. వారం అంటుందేమో, పెళ్ళి దాటేదాకా అంటుందేమో అని చూశాడు.

"వాడికి వంట చేసి పెడుతూ ఉంటాను," అంది లువా చివరికి. అది 'ఎన్నాళ్ళు' అన్నదానికి జవాబు కాదు, అన్నిటికీ జవాబే.

మగవాడికి కోపం వస్తే ఊరంతా వినిపిస్తుంది. భయం వేస్తే మాత్రం ఇంట్లో పిల్లికి కూడా తెలియనివ్వడు, ఏదో పని కల్పించుకుని బయటపడతాడు. ఖాంగ్ కూడా అంతే. "భుజం లాగేస్తోంది, చీన్ బాబాయ్ దగ్గరికెళ్ళొస్తా," అని ఎవరికీ వినపడకుండా చెప్పి, పెరటి గుమ్మంలోంచి జారుకున్నాడు.

భుజం నొప్పి అబద్ధం కాదు. చాప మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు పొడుగు కర్ర కొసన తుంగపోచ తగిలించి పడుగుతాళ్ళ మధ్యలోంచి దూరుస్తారు, ఇంకొకరు బరువైన కొయ్యపలకతో దాన్ని లాగి కొడతారు. ఈ ఇంట్లో దూర్చే చెయ్యి లువాది, కొట్టే చెయ్యి ఖాంగ్‌ది. ఏడేళ్ళ వయసులో పట్టుకున్న పలక ఇప్పటిదాకా వదలకపోతే ఏ భుజమైనా మొరాయిస్తుంది.

చీన్ బాబాయ్ అరుగు మీద మట్టి మూకుడులో మాచిపత్రి ఆకూ ఉప్పూ కలిపి వేయిస్తున్నాడు. ఊళ్ళో ఎవరికి ఏ కీలు పట్టేసినా ఆయనే దిక్కు. పళ్ళు రాలిపోయాయి గానీ నోటి పదును తగ్గలేదు.

"ఎలా ఉందిరా?"

"దీని మొహంలా ఉంది. పనికిమాలిన భుజం బాబాయ్. వెధవది, నాలుగు దెబ్బలు వేసేసరికి చచ్చిపోతోంది."

"ఎవర్ని తిడుతున్నావు?"

"భుజాన్నే."

"అదెవరిది?"

ఖాంగ్ నవ్వబోయాడు. బాబాయ్ నవ్వలేదు. వేడి ఆకుని గుడ్డలో పోసి మూట కడుతూ, "ఇందాక వెదురు వంతెన మీద కాలు జారితే ఏమనుకున్నావు? ఇక్కడికి వినపడింది," అన్నాడు.

"ఏమన్నానో గుర్తులేదు."

"'తాం వెధవా, కళ్ళు నెత్తికెక్కాయా' అన్నావు. అచ్చం మీ నాన్న గొంతు. ముసలాడు పోయి ఇన్నేళ్ళయినా నీ గొంతులో కాపురం ఉన్నాడ్రా. నువ్వు కూడా ఖాళీ చెయ్యమని అడగవు."

ఖాంగ్ ఆ మాట దాటేశాడు. "నొప్పి తగ్గే దారి చెప్పు బాబాయ్."

"అదే చెప్తున్నా. గేదె బండి లాగనని కూలబడితే ఏం చేస్తావు?"

"కాస్త గడ్డి వేసి, మెడ నిమురుతా."

"తిట్టవా?"

"తిడితే ఇంకా మొండికేస్తుంది."

"మరి నీ ఒళ్ళు గేదె కన్నా తీసిపోయిందా?"

బాబాయ్ వేడి మూట భుజం మీద అదిమాడు. ఖాంగ్ పళ్ళు కరుచుకున్నాడు.

"మూలుగు. మూలగడానికి నా దగ్గర ఎవరూ పన్ను వెయ్యరు. ఒరే తాం, మిన్ అంటే ఏమిట్రా?"

"ఇదేం ప్రశ్న? ఒళ్ళు."

"ఇంకా?"

"మనిషి తనని తాను అనుకునేది."

"ఇంకా?"

ఖాంగ్ మూకుడులో మిగిలిన ఉప్పు వంక చూశాడు. ఆ మూడో అర్థమే కదా ఇంట్లో వారంగా వినిపించడం లేదు.

"మొగుడు పెళ్ళాన్ని పిలిచేది, పెళ్ళాం మొగుణ్ణి పిలిచేది," అన్నాడు బాబాయే. "మన ముందువాళ్ళు పిచ్చివాళ్ళనుకున్నావా? ఒంటికీ, తనకీ, తోడుకీ ఒకటే మాట పెట్టారు. అందులో ఒకదాన్ని బూతులు తిట్టి ఇంకోదాన్ని ముద్దు చెయ్యడం ఎవడికీ కుదరదు. నువ్వు పాతికేళ్ళు కుదిరించాననుకున్నావు. చూశావుగా ఏమైందో."

"లువా వెళ్తోందని నీకు తెలుసా?"

"ఊరంతా తెలుసు. నా మాచిపత్రి మొక్కలకి కూడా తెలుసు."

"ఏం చెప్పి ఆపమంటావు?"

"అది నా వైద్యంలో లేదు. నా వైద్యం ఈ మూట. ఇంటికి పట్టుకెళ్ళి కాపడం పెట్టుకో. పెట్టుకున్నప్పుడల్లా ఒళ్ళుని పిలిచి అడుగు. 'మిన్ ఓయ్, నొప్పెడుతోందా' అని."

"ఊరుకో బాబాయ్, సిగ్గేస్తుంది."

"వెధవా అని తిట్టుకున్నప్పుడు వెయ్యని సిగ్గు ఇప్పుడేస్తోందా? వెళ్ళు, చల్లారిపోతుంది."

ఖాంగ్ మూట పట్టుకుని వంతెన దాటాడు. దారిలో రంగుల బట్టీ దగ్గర ఆడవాళ్ళు మాటలాపి చూశారు. ఒకావిడ, "తాం అన్నా, పెళ్ళిచాప అయిపోయిందా?" అంది. చాప గురించి కాదు ఆ అడగడం. ఖాంగ్ తల ఊపి వచ్చేశాడు. అవునో కాదో వాళ్ళే తేల్చుకుంటారు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. లువా చేపల పులుసు మరగబెడుతోంది, తను లేకపోయినా రెండు పూటలకి వచ్చేలా. హాయ్ వెనకాలే తిరుగుతూ నచ్చచెబుతోంది. గది గుమ్మంలో లువా చేతిసంచీ కనిపించింది. సంచీ నిండుగా లేదు. పది రోజులకైతే ఇంకా సర్దుకునేది. ఎప్పటికీ రానివాళ్ళే అంత తక్కువ పట్టుకెళ్తారని ఖాంగ్‌కి ఎందుకో అనిపించింది.

పాకలోకి వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాడు. మేనల్లుడి పెళ్ళిచాప సగంలో ఉంది, ఎర్ర అంచు, మధ్యలో జోడు మంగళాక్షరాలు. కర్ర తనే దూర్చి, లేచి ఇవతలికొచ్చి పలక తనే కొట్టాడు. పోచ వంకరగా పడింది. లాగేసి మళ్ళీ దూర్చాడు. ఈసారి పలక ఎత్తగానే భుజంలో కత్తి దిగినట్టయింది.

'తాం వెధవా, చేతులు విరగ.'

ఆ మాట బయటికి అన్నాడో లోపల అన్నాడో తెలియలేదు. కానీ మొదటిసారి విన్నాడు. బాబాయ్ చెప్పింది నిజం. ఆ గొంతు తనది కాదు.

చిన్నప్పుడు, ఈ మగ్గం దగ్గరే, ఈ మూలే. నేత వదులుగా ఉందని నాన్న చాపంతా విప్పించేశాడు. అన్నం పెట్టొద్దని అమ్మకి చెప్పాడు. ఏడేళ్ళ తాం తుంగ మోపు మీద బోర్లా పడి ఏడుస్తుంటే జుట్టు పట్టుకుని లేపాడు. "ఏడిస్తే రంగు కరుగుతుందిరా! తుంగ పాడైపోతుంది!" అని అరిచాడు. నిజమే, తడి తగిలితే ఎరుపు కరుగుతుంది. ఆ మాట తప్పని ఎవరనగలరు?

పోయిన వారం సోన్ మొహం ఎత్తినప్పుడు వాడి బుగ్గల నిండా ఎర్రరంగు. అది చూసి ఖాంగ్‌కి కొడుకు గుర్తు రాలేదు, తుంగే గుర్తొచ్చింది. నోరు దానంతటది తెరుచుకుంది.

'వాడికి ఇరవై రెండేళ్ళు. నాకు అప్పుడు ఏడు. మా ఇద్దరికీ ఒకటే మొహం,' అనుకున్నాడు ఖాంగ్.

మూట ఇంకా వెచ్చగానే ఉంది. చొక్కా పక్కకి లాగి భుజం మీద పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఇటూ అటూ చూశాడు. పాకలో ఎవరూ లేరు. గొంతు సవరించుకున్నాడు. ఈ వయసులో ఇదేం చోద్యం అనుకున్నాడు.

"మిన్ ఓయ్..." అన్నాడు మెల్లగా. "అలిసిపోయావా?"

"ఆఁ, వస్తున్నా!"

పెరటి గుమ్మంలో లువా నిలబడి ఉంది. చేతులు తడి, చీపురు పుల్లలా ఒక చేప ముల్లు వేలికి అంటుకుని ఉంది, ప్రయాణానికి కట్టుకున్న మంచి బట్టల మీద వంటింటి గుడ్డ. పిలుపు వినబడగానే మనసుని అడగకుండా నోరు పలికేసింది, నోరు పలికితే కాళ్ళు వచ్చేశాయి. పాతికేళ్ళ అలవాటు మరి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పిలిచావా?" అంది లువా.

తాం గారు లేరు, మీరు లేదు. ఆ మొహంలో వారం రోజులుగా బిగుసుకున్నదేదో సడలిపోయింది. కళ్ళ కింద నలుపు అలాగే ఉంది కానీ, కళ్ళు మాత్రం ఎదురుచూస్తున్నాయి. అలిసిపోయావా అని ఆవిడని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. అడిగితే అడిగినవాడి దగ్గర ఉండిపోవడానికి సిద్ధంగా ఉన్న మొహం అది.

ఖాంగ్ మూటని భుజానికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. తల ఆడిస్తే చాలు. సంచీ మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. ఆదివారం చాపలు పరుచుకుంటాయి. రంగుల బట్టీ దగ్గర నోళ్ళు మూతపడతాయి. అదృష్టం కాళ్ళ దగ్గరికొచ్చి నించుంటే కాదనేవాడు ఎవడైనా ఉంటాడా?

"నిన్ను కాదు," అన్నాడు ఖాంగ్.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఊరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఊరుకునే తల్లిని కాటికి సాగనంపాడు, ఊరుకునే ఈ కాపురం ఇక్కడిదాకా తెచ్చాడు. ఇంకోసారి ఊరుకుంటే ఆ గొంతులో ముసలాడు హాయిగా నవ్వుతాడనిపించింది.

లువా మొహం పాలిపోయింది. "మరెవర్ని?"

"నన్నే."

"ఏంటి?"

"నన్ను నేనే పిలుచుకున్నా. చీన్ బాబాయ్ చెప్పాడు. కాపడం పెట్టుకున్నప్పుడు భుజాన్ని అలా అడగమన్నాడు. నువ్వు వింటావనుకోలేదు."

"ఓరి నీ తెలివి తెల్లారా!" హాయ్ అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది, చేతిలో గరిటె. "నిన్నేనే అని ఒక్క ముక్క అనలేకపోయావురా! దానంతటది పరిగెత్తుకొస్తే! మా అమ్మ నిన్ను కని పెంచిందా, నదిలో దొరికావా? లువా, వీడు సిగ్గుకొద్దీ అంటున్నాడే, నిన్నే పిలిచాడు."

"నువ్వుండు వదినా."

లువా రెండడుగులు లోపలికి వేసింది. నవ్వుతుందేమో అని ఖాంగ్ భయపడ్డాడు. నవ్వలేదు.

"ఏమని అడిగావు?"

"విన్నావుగా."

"మళ్ళీ చెప్పు."

"అలిసిపోయావా అని."

"ఏమంది?"

"ఏమిటి?"

"భుజం. అడిగావు కదా. ఏమంది?"

ఖాంగ్ నోరు తెరిచాడు. ఏదో వెటకారం ఆడదామనుకున్నాడు. భుజాలు మాట్లాడతాయా అందామనుకున్నాడు. మెడ దగ్గర ఎక్కడో మొదలైన వణుకు గడ్డానికి వచ్చింది, గడ్డం నుంచి పెదవికి వచ్చింది.

"ఎప్పుడో అలిసిపోయానంది," అన్నాడు. "చిన్నప్పుడే అలిసిపోయానంది లువా."

ఏడుపు చేతకాని మనిషి ఏడిస్తే వినడానికి బాగుండదు. దగ్గులా, వాంతిలా, కుక్కపిల్ల గొంతులా వచ్చింది. హాయ్ గరిటెతో సహా అటు తిరిగిపోయింది. తమ్ముడు ఏడవగా ఆవిడ చూసింది ఒకే ఒక్కసారి, ఈ పాకలోనే, చిన్నప్పుడు. అప్పుడు కూడా ఇలాగే అటు తిరిగిపోయింది.

లువా దగ్గరికి వచ్చి కౌగిలించుకోలేదు. కింద కూర్చుంది అంతే, మగ్గానికి అవతలి వైపు, ఎప్పుడూ తను కూర్చునే చోట.

ఖాంగ్ మొహం తుడుచుకుంటూ పెళ్ళిచాప మీంచి పక్కకి జరగబోయాడు. "రంగు కరుగుతుంది."

"కరగనీ," అంది లువా.

చాలాసేపటికి అతని ఊపిరి కుదుటపడింది. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో, "ఉండిపోతావా?" అని అడిగాడు.

"ఉండను."

హాయ్ గిరుక్కున తిరిగింది. "ఇంకేం కావాలే నీకు? మనిషి కరిగి నీరైపోతుంటే!"

"నిన్నేనని అబద్ధం ఆడుంటే ఉండిపోయేదాన్ని వదినా. మళ్ళీ ఇంకో పాతికేళ్ళు అలాగే ఉండిపోయేదాన్ని." లువా ఖాంగ్ వంకే చూస్తోంది. "నువ్వు నిజం చెప్పావు. నిన్ను నువ్వు పిలుచుకోవడం ఇవాళే మొదలెట్టావు. నన్ను పిలిచే రోజు రానీ, అప్పుడు చూద్దాం. వాడక్కడ ఒక్కడే ఏడుస్తున్నాడు. ఇప్పుడు నువ్వు ఏడిస్తే పక్కన నేనున్నాను, వాడికి ఎవరున్నారు?"

లేచి, వేలికున్న ముల్లు తీసేసి, చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుంది. అతను తెస్తానంటే ఇవ్వలేదు. 'నువ్వు' అంది అన్నన్నిసార్లు, ఖాంగ్ గమనించాడు. పైకి అంటే ఎక్కడ వెనక్కి తీసుకుంటుందో అని అనలేదు.

"మరి చాపలు?" హాయ్ గుమ్మం దాకా వెంటపడింది. "పరుస్తావా లేదా, ఏదో ఒకటి చెప్పవే!"

"పులుసు దించెయ్ వదినా, అడుగంటుతోంది," అంది లువా రేవు మెట్లు దిగుతూ.

పడవ కాలవ మలుపు తిరిగేదాకా అక్కాతమ్ముళ్ళు అలాగే నిలబడ్డారు. హాయ్ కళ్ళొత్తుకుంది, ముక్కు చీదింది, ఆ తర్వాత అలవాటు ప్రకారం తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఆపలేకపోయినందుకు తిట్టింది, నిజం చెప్పినందుకు తిట్టింది, పళ్ళెంలో ఆకులు వాడిపోతున్నందుకు కూడా తిట్టింది.

"అక్కా, నీ ఫోనివ్వు," అన్నాడు ఖాంగ్.

"నీదేమైంది?"

"నా నంబరు చూస్తే వాడెత్తడు."

హాయ్ ఫోను తీసి, సోన్ పేరు నొక్కి, తమ్ముడి చేతిలో పెట్టింది.

"హలో, పెద్దత్తా! పెళ్ళికొడుకు ఏం చేస్తున్నాడు? అప్పుడే భయపడుతున్నాడా?"

వెనక ఏదో ఇంజన్ డగడగలాడుతోంది. దానికి మించి అరుస్తున్నాడు సోన్. మాటలో నవ్వు ఉంది. అత్తతో అంత తేలిగ్గా మాట్లాడతాడని ఖాంగ్‌కి తెలియదు. తన దగ్గర వాడి గొంతు ఎప్పుడూ తలొంచుకునే ఉండేది.

"అత్తా? వినబడుతోందా?"

ముందు తనెవరో చెప్పాలి. చెప్పకుండా ఒక్క మాట కూడా మొదలుపెట్టడానికి మా భాష ఒప్పుకోదు. వారం కింద తనే తెంపేసిన మాట అది. ఇప్పుడు అనడానికి హక్కుందో లేదో ఎవరిని అడగాలి?

"మీ నాన్నన్రా," అన్నాడు ఖాంగ్.

అటు ఇంజన్ డగడగలాడుతూనే ఉంది.

"మీ అమ్మ పంటుకి బయల్దేరింది. సాయంత్రానికి వచ్చేస్తుంది. బస్టాండుకి వెళ్ళు. సంచీ బరువేం లేదనుకో, అయినా వెళ్ళు. పొద్దున్నించీ ఏమీ తినలేదు." కబుర్ల చాటున దాక్కుని ఎంత దూరం వెళ్ళగలడో అంత దూరం వెళ్ళాడు. కబుర్లు అయిపోయాయి. "సోన్... ఆ రోజు..."

గొంతు జీరపోయింది. ఫోను దూరంగా పెట్టి సర్దుకుందామనుకున్నాడు, చెయ్యి కదల్లేదు.

"ఏంటి, గొంతు అలా ఉంది?" సోన్ మాటలో బెదురు. "ఏమైంది? నాన్నా, ఏడుస్తున్నావా?"

హాయ్ ఎదురుగా వచ్చి నిలబడింది. ముక్కు చూపిస్తోంది, చేతులు తిప్పుతోంది, పెదవులతో 'జలుబు, జలుబని చెప్పు' అంటోంది. తండ్రి పరువు కాపాడాలని పాపం ఆవిడ తాపత్రయం. ఆ ఒక్క మాటతో ఈ దేశంలో ఎంతమంది మగాళ్ళు ఒడ్డున పడ్డారో.

ఖాంగ్ అక్కకి వీపు తిప్పేశాడు.

"ఊఁ," అన్నాడు. "ఏడుస్తున్నా."

అవతల ఇంజన్ ఆగిపోయింది. ఎవరో చెయ్యి చాపి ఆపేశారు. సోన్ ఫోను పెట్టెయ్యలేదు.